ఎడమచేతి బొటనవేలు

ఫోను తెర అడుగున అరంగుళం జాగా. దానికోసం ఆష్‌బర్న్‌లోని 'తోరణం' తెలుగు సంఘంలో ఏడు కమిటీలూ ఒక అధ్యక్షుడూ పట్టుదలకు పోయారు. ఊళ్లో అయితే పొలం గట్టు జరిపాడనో, కాలవ నీళ్లు మళ్లించాడనో మాటామాటా అనుకుంటారు. వర్జీనియాలో ఆ సదుపాయం లేదు. ఇళ్లన్నీ ఎవరో కొలిచి గీత గీసి ఇచ్చినవే, గట్టు జరపడానికి వీల్లేదు. అందుకని ఈ అరంగుళం దొరికేసరికి అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ జాగా జ్ఞానప్రసూన చేతిలో ఉంది. సంఘానికి యాప్ తయారుచేస్తున్నది ఆమే.

ఏ యాప్ తెరిచినా అడుగున ఒక పట్టీ కనపడుతుంది కదా. ఇల్లు బొమ్మ, భూతద్దం బొమ్మ, మనిషి తలకాయ బొమ్మ వరసగా కూర్చుని ఉంటాయి. ఏది నొక్కితే పైన ఆ పేజీ వస్తుంది. పేజీలు ఎన్ని మారినా పట్టీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు దాన్ని ట్యాబ్ బార్ అంటారు, పూటపని అని తీసిపారేస్తారు. కోడ్ రాయడం వరకూ అయితే పూటపనే. అందులో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మాత్రం పూటలో తేలదని ప్రసూనకి ఇప్పుడిప్పుడే తెలిసొస్తోంది.

ఆమెది రేపల్లె పక్కన పల్లె. గుంటూరులో ఎంసీఏ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, రవికుమార్‌ని పెళ్లాడి డిపెండెంట్ వీసా మీద ఇక్కడ దిగింది. ఆ వీసాతో వంట చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, మంచులో కారు నడపొచ్చు. ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. ఇన్నేళ్లకి వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. మధ్యలో మారిపోయిన విద్యంతా కూర్చుని మళ్లీ నేర్చుకుంది. అప్లికేషన్లు పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఎట్టకేలకి హెర్న్‌డన్‌లో ఆసుపత్రులకు యాప్‌లు చేసే చిన్న కంపెనీ నుంచి మార్గరెట్ అనే మేనేజరమ్మ ఫోన్ చేసింది. "మధ్యలో పనిచెయ్యలేదన్నది నాకు పట్టింపు లేదు. నువ్వు తయారుచేసింది ఒక్కటి తెచ్చి చూపించు. కోర్సులో చేసింది వద్దు. నిజం మనుషులు, నిజంగా వాడుతున్నది కావాలి," అంది. ఇంటర్వ్యూ ఉగాది వేడుక అయ్యాక వచ్చే మంగళవారం.

ప్రసూన దగ్గర చూపించడానికి ఈ సంఘం యాప్ ఒక్కటే ఉంది. దీన్ని జనం వాడితే ఉద్యోగం. వాడకపోతే మళ్లీ ఉలుకూ పలుకూ లేని రోజులు.

అసలు సంఘానికి యాప్ ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పాలి. ఏటా ఉగాది వేడుక హైస్కూల్లో జరుగుతుంది. ఆటపాటలు ఆడిటోరియంలో, భోజనాలు కెఫెటేరియాలో. మధ్యన పొడవాటి వరండా. కార్యక్రమాలు ఏనాడూ అనుకున్న వేళకి జరగవు. ఇంకా మా పిల్ల వంతు రాలేదు కదా అని తల్లిదండ్రులు పళ్లెం పట్టుకుని కూర్చుంటారు, ఇక్కడ పులిహోర కలుపుతూ ఉండగా అక్కడ పిల్ల ఆడి దిగిపోతుంది. మైకులో పిలిచిన పిలుపు కెఫెటేరియాకి వినపడదు. పోయిన ఉగాదికి ఈ బాధ దివాకర్‌కి తగిలింది. దివాకర్ పెద్ద కంపెనీలో ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్, మాట్లాడితే మెత్తగా గుచ్చే మనిషి. ఏకైక పుత్రిక అనుష్క మొట్టమొదటి కూచిపూడి. ఆయన ఆవకాయ అన్నంలో నెయ్యి వేయించుకుంటున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయనతో ఎన్నాళ్లు మాటల్లేవో ఆయనే చెప్పాలి, చెప్పడు.

కాబట్టి యాప్‌లో ముఖ్యమైనది 'ఇప్పుడు' అనే పేజీ. స్టేజీ మీద ఇప్పుడు ఎవరు, తర్వాత ఎవరు. అంతే.

కానీ కమిటీ మీటింగ్‌లో ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడారు.

"అమ్మా ప్రసూనా, అందరికీ తలా ఒక బటన్ పెట్టెయ్," అన్నాడు అధ్యక్షుడు కోటేశ్వరరావు. ముప్పయ్యేళ్ల కిందటే న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చి, మందుల కంపెనీలో పనిచేసి, ఇప్పుడు కూతురి దగ్గర స్థిరపడ్డ పెద్దాయన. "ఒకళ్లకి పెట్టి ఒకళ్లకి మానేస్తే రేపొద్దున నాకే ఫోన్లు."

"ఐదుకి మించితే ఇరుకైపోతుందండీ. వేలు పట్టదు."

"సర్దుకోమను వేలుని. పోయినేడు స్టేజీ మీద పన్నెండు కుర్చీల చోట పద్దెనిమిది సర్దలేదూ?"

"ఆ చివరి కుర్చీలో కూర్చునేగా మా ఆయన వెనక్కి పడింది!" అంది ఛాయాదేవి. మహిళా విభాగం ఆవిడదే.

పడ్డ ఆయన, అంటే క్రీడల కమిటీ కృష్ణమోహన్, గొంతు సవరించుకున్నాడు. "ఆ విషయం ఇప్పుడెందుకు? క్రికెట్‌కి మాత్రం బటన్ ఉండాల్సిందే."

"పోనీ నాలుగు పైకి పెట్టి, మిగతావన్నీ 'మరిన్ని' అని ఒకదాని కింద పెడతానండీ," అంది ప్రసూన.

"మరిన్నిలోనా? అంటే మేం షామియానా బయట నిలబడాలా?" అన్నాడు కృష్ణమోహన్.

ఆ మాటతో సభ అంతా ఆయన పక్షం అయిపోయింది. ఎవరి మాటా కాదనలేని మొహమాటం ప్రసూనది. తలూపి ఇంటికొచ్చి ఎనిమిది బటన్లూ పెట్టింది. ఎడమ చివర, మొట్టమొదట, అధ్యక్షుల సందేశం. ఆ తర్వాత క్రీడలు, మహిళలు, తెలుగు బడి, యువత, సంబంధాలు, భోజనం. కుడి చివర, సాంస్కృతిక కమిటీ వాటాగా, 'ఇప్పుడు'. జనానికి కుడిచేతివాటం కనక కుడి బొటనవేలికి దగ్గరగా ఉంటుందని తనకి తాను సర్దిచెప్పుకుంది.

ఉగాదికి ఇంకా మూడు వారాలుందనగా లీలావతి ఇంట్లో ఆదివారం పూట భోజనాలు. ఎవరి వంట వాళ్లు తెచ్చుకుని కలిసి తినడం. లీలావతిది కరీంనగర్, సంఘంలో వంటల పెత్తనమంతా ఆమెదే. అక్కడే యాప్‌ని అందరి ఫోన్లలోకీ ఎక్కించి చూద్దామన్నారు.

ముందు కృష్ణమోహన్ క్రికెట్ వేళలు చూద్దామని నొక్కాడు. బటన్ల మధ్య సందు లేదు. సంబంధాలు తెరుచుకుంది. తెర నిండా ఒక అమ్మాయి పట్టుచీర కట్టుకుని నవ్వుతోంది. సరిగ్గా అప్పుడే భుజం మీంచి ఛాయాదేవి తొంగిచూసింది.

"ఏవండీ, ఎవరికి చూస్తున్నారు?"

"క్రికెట్టే!"

"బాగానే ఉంది క్రికెట్టు. జాతకం కూడా పెట్టారు."

గది గొల్లుమంది. ప్రసూన కూడా నవ్వబోయి ఆగిపోయింది. అవతల లీలావతి, "ఏంది బిడ్డా ఇది! నొక్కేదొకటి, వచ్చుడొకటి. నా చెయ్యంత గోంగూరనే ఉన్నది, ఎట్ల నొక్కాలె?" అంటూ మోచేత్తో ప్రయత్నిస్తోంది. తెర మీద గోంగూర మరక తప్ప ఏమీ కదలలేదు.

దివాకర్ సోఫాలో కూర్చున్నాడు. ఒళ్లో పళ్లెం, కుడిచెయ్యి పప్పన్నంలో, ఎడమచేతిలో ఫోను. కుడి చివరన ఉన్న 'ఇప్పుడు'ని నొక్కాలని ఎడమ బొటనవేలిని చాపాడు. అందలేదు. ఇంకాస్త చాపాడు. ఫోను పట్టు తప్పి, గిర్రున తిరిగి, టీపాయ్ మీద ఉన్న లీలావతి గారి పెరుగుపచ్చడిలో బోర్లా పడింది.

ఫోను తుడిచి ఇచ్చారు. పనిచేస్తూనే ఉంది గానీ ఆవాల వాసన కొట్టింది. దివాకర్ ఏమీ అరవలేదు, అరిచినా బాగుండేది. మెత్తగా, అందరికీ వినపడేలా అన్నాడు: "ప్రసూన గారు, ఫీల్ అవ్వకండి. ఇన్నేళ్ల గ్యాప్ అంటే గ్యాపే. కాలేజీ ప్రాజెక్ట్‌లా ఉంది. నా ఫ్రెండ్ ప్రొడక్ట్ రెడీగా ఉంది, పైన మూడు గీతలుంటాయి, నొక్కితే అన్నీ వరసగా వచ్చేస్తాయి. ఎవరికీ గొడవుండదు. అది తీసుకుందాం."

రవికుమార్ లేవబోయాడు. ప్రసూన కళ్లతోనే కూర్చోమంది.

అందరూ పళ్లేల్లోకి చూస్తున్నారు. వాళ్లు మొహాలు దాచుకుంటున్నారు గనక ప్రసూనకి వాళ్ల చేతులు కనపడ్డాయి. కోటేశ్వరరావు కుడిచెయ్యి పులుసులో. కృష్ణమోహన్ కుడిచెయ్యి వేపుడులో. ఛాయాదేవిది, లీలావతిది, రవిది, గది మొత్తంలో ఎవరి కుడిచెయ్యి చూసినా మణికట్టు దాకా మెతుకులే. ఫోన్లన్నీ ఎడమచేతుల్లో ఉన్నాయి. ఎడమ బొటనవేళ్లు తెర ఎడమ మూలన, అధ్యక్షుల సందేశం మీద ఊరికే ఆడుతున్నాయి.

ప్రసూన చదివిన పాఠాలన్నిట్లోనూ కుడిచేతివాటం జనం అనే రాశారు. నిజమే. ఆ రాసినవాళ్లు ఫోర్కుతో తింటారు, మధ్యలో ఫోర్కు పక్కన పెట్టి ఫోను తీసుకుంటారు. మనం తినేచెయ్యి పక్కన పెట్టలేం కదా! సరిగ్గా అన్నం తినే వేళలోనే కావాల్సిన యాప్‌ని, అన్నంలో ఉన్న చేతికి అందేలా పెట్టింది తను. ఇంట్లో రోజూ చేత్తోనే తినే మనిషి, రేపల్లె మనిషి, ఈ తప్పు చేసింది.

"కోటేశ్వరరావు గారూ," అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఉగాది దాకా నాకు వదిలెయ్యండి. పట్టీ మారుస్తాను. ఆ రోజు కెఫెటేరియాలో జనం వాడితే నా యాప్ ఉంచండి. వాడకపోతే దివాకర్ గారు చెప్పిందే పెట్టుకోండి, నేను పక్కకి తప్పుకుంటాను. కానీ ఒక్క మాట. ఈసారి బటన్లు ఎన్నో, ఎక్కడో నేను చెప్తాను. మీరు వినాలి."

కోటేశ్వరరావు మూతి తుడుచుకుని దివాకర్ వైపు చూశాడు. దివాకర్ భుజాలెగరేశాడు. "సరేనమ్మా. ఉగాది దాకా," అన్నాడు పెద్దాయన.

కారెక్కాక రవి అన్నాడు: "అంత మాట ఇచ్చేశావ్. మంగళవారం ఇంటర్వ్యూకి చూపించడానికి ఇదొక్కటేగా ఉంది. తేడా వస్తే?"

"తేడా రాదండీ. ఆ పెరుగుపచ్చడి నాకు అంతా చెప్పేసింది."

మరుసటి రోజు నుంచి ప్రసూన పట్టీని ఊడదీసి మళ్లీ కట్టింది. ఎడమ చివర, బొటనవేలు ముడిచినా తగిలే చోట, 'ఇప్పుడు'. దాని పక్కన 'భోజనం'. ఆ పక్కన 'బడి'. కుడి చివర 'అందరూ'. తీరిగ్గా, చెయ్యి కడుక్కుని చూసుకునేవన్నీ అందులోకి. మొత్తం నాలుగు. బొమ్మ చిన్నదే అయినా దాని చుట్టూ నొక్కుడు పడే జాగా విశాలంగా వదిలింది, వేలు కాస్త అటూ ఇటూ పడ్డా పక్కింటి తలుపు తెరుచుకోకుండా. పట్టీని ఫోను అంచుకి అంటించకుండా కాస్త పైకి జరిపింది, ఎందుకంటే ఫోను అంచున దాని సొంత గీత ఒకటుంటుంది, వేలు దానికి తగిలితే యాప్ మొత్తం మూసుకుపోతుంది. నొక్కిన బటన్ పసుపు రంగులోకి మారేలా పెట్టింది. భోజనం పేజీలో సగం చదువుతూ 'ఇప్పుడు'కి వెళ్లి తిరిగొస్తే వదిలినచోటే ఉండేలా చూసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, మన పిల్లల వంతు దగ్గరపడితే 'ఇప్పుడు' మీద కుంకుమబొట్టంత ఎర్రచుక్క పడుతుంది.

పరీక్షలు లీలావతి వంటింట్లో జరిగాయి, పట్టపగలు, పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉండగా. "చెయ్యి కలుపుకున్నాకనే నొక్కాలె, ఒట్టి చేత్తోని నొక్కితే నేనొప్పుకోను," అని ఆమె షరతు పెట్టింది. ఒకనాడు పప్పుచారు, ఒకనాడు బజ్జీల పిండి. తగలనిది చెప్పింది, తగిలింది చెప్పింది. 'భోజనం' కొంచెం కుడికి పోయిందంటే ప్రసూన వెంట్రుకవాసి జరిపింది. పిండి చేత్తోనే లీలావతి మెటికలు విరిచింది. "ఇగ సక్కగొచ్చింది."

కోడ్ కుదిరింది. ఇక మనుషులు కుదరాలి. ఫోన్లో చెప్తే కాదంటారని ప్రసూన ఇళ్లకే వెళ్లింది. మీ బటన్ తీసేశాను అని ఎవరితోనూ అనలేదు. ఒకటే అడిగింది: "ముద్ద చేతిలో ఉన్న మనిషి మీ బటన్ ఎందుకు నొక్కుతాడో చెప్పండి." కృష్ణమోహన్ చాలాసేపు ఆలోచించి, "నొక్కడు. క్రికెట్ ఆడేవాడు ముద్ద వదిలేసే వస్తాడు," అన్నాడు. ఒప్పుకోడానికి ఆయనకి ఇంకొంచెం సాయం కావాలని ప్రసూనకి తెలుసు. 'అందరూ' పేజీ తెరిచి చూపించింది. ఏడు కమిటీలకీ ఏడు పెద్ద ఫొటోలు. బ్యాటెత్తిన కృష్ణమోహన్, పదేళ్ల కిందటి జుట్టుతో.

"ఈ ఫొటో ఎక్కడ దొరికింది?"

"మీ ఆవిడ ఇచ్చారు."

"మొన్నటి సంబంధాల గొడవ అయ్యాక కూడానా!" కృష్ణమోహన్ మొహం విప్పారింది. ఆయన సంతకం పడ్డట్టే. తక్కినవాళ్లకీ అదే మందు పనిచేసింది. కుర్చీ అడిగిన వాళ్లకి ఫొటో ఇచ్చింది, అందరూ కుర్చీకన్నా అదే నయమనుకున్నారు.

చివరికి మిగిలింది కోటేశ్వరరావు. అసలు చిక్కు ఆయనతోనే, ఎడమ మూల ఆయనది. ప్రసూన ఒక డబ్బాలో బొబ్బట్లు పెట్టుకుని వెళ్లింది. వేడిగా, నెయ్యి ఓడుతున్నవి. పెద్దాయన కుడిచేత్తో అందుకున్నాక, ఎడమచేతిలో పాత యాప్ ఉన్న ఫోను పెట్టింది.

"మీ మనవరాలి పాట ఎప్పుడో చూడండి, బాబాయ్ గారూ."

ఆయన ఎడమ బొటనవేలితో నొక్కాడు. ప్రియమైన తెలుగు సోదర సోదరీమణులారా, అని సందేశం వచ్చింది. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కాడు. ప్రియమైన తెలుగు సోదర సోదరీమణులారా.

"మళ్లీ నేనే వచ్చానమ్మా!"

"మీరే వస్తారండీ. ముద్ద చేతిలో ఉన్నంతసేపూ మీరే."

"అవతల మనవరాలు పాడేస్తుంటే?"

"మీరు మిమ్మల్నే చదువుకుంటూ ఉంటారు."

కోటేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, దానికీ నెయ్యి అంటింది. "నా సందేశం నేనే చదవలేదమ్మా ఇంతవరకూ. పోయినేటిదే తేదీ మార్చి ఇచ్చాను. తీసెయ్. ఆ అందరిలో ఎక్కడో పడెయ్."

ఉగాది వేడుక శనివారం. హైస్కూల్ పార్కింగ్ నిండిపోయి కార్లు గడ్డి మీదకి ఎక్కాయి. పట్టుచీరలు, పైజమా మీద జాకెట్లు, మొహానికి రంగేసుకుని చిప్స్ తింటున్న బుల్లి కృష్ణులు. తలుపు దగ్గరే ఒకళ్లు నిలబడి వచ్చినవాళ్లందరి ఫోన్లలోకీ యాప్ ఎక్కించి, పిల్లల పేర్లు చేర్పించారు. ఎప్పటిలాగే మొదలవ్వడమే ఆలస్యం. మధ్యాహ్నం అయ్యేసరికి ఆడిటోరియంలో కార్యక్రమాలు సగం కాలేదు, కెఫెటేరియాలో మాత్రం పులిహోర సగం అయిపోయింది.

ప్రసూన కెఫెటేరియా గోడకి ఆనుకుని నిలబడింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు తప్ప లోపలికి పోలేదు. కళ్ల ముందు హాలంతా పళ్లేలు. జనం అప్పుడప్పుడూ ఫోను చూస్తున్నారు గానీ యాప్ చూస్తున్నారో, వాట్సాప్ చూస్తున్నారో ఇంత దూరం నుంచి చెప్పలేం.

అప్పుడే స్టేజీ దగ్గర పని చూస్తున్న ఛాయాదేవి నుంచి ఫోన్. "ప్రసూనా, కోలాటం పిల్లల కర్రలు కార్లో ఉండిపోయాయట. వాళ్లని వెనక్కి నెట్టి కూచిపూడి పిల్లల్ని ముందుకి తెస్తున్నాం. నేను యాప్‌లో మార్చేశాను. ఇంకో పాట అవ్వగానే వాళ్లే."

కూచిపూడి అంటే అనుష్క. ప్రసూన తల తిప్పి వెతికింది. దివాకర్ వరస చివరి నుంచి అప్పుడే బయటపడి, నిండు పళ్లెంతో కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. కూతురి వంతుకి ఇంకా బోలెడు వ్యవధి ఉందన్న ధీమాతో ఆవకాయ కలపడం మొదలుపెట్టాడు. ఫోను టేబుల్ మీద ఉంది.

ప్రసూన కావాలంటే వెళ్లి చెప్పొచ్చు. నాలుగడుగులు. కాలు కదపబోయి తమాయించుకుంది. ఈ ఒక్కడికీ తను చెప్తుంది, మిగతావాళ్లకి ఎవరు చెప్తారు? చెప్పాల్సింది పట్టీ.

కూచిపూడి పిల్లల పేర్లు చేర్చి పెట్టుకున్న తన ఫోను చూసింది. చుక్క పడలేదు. గోడల నిండా ఇనుము ఉన్న స్కూలు, సిగ్నల్ అంతంతమాత్రం. పడలేదు. ఇంకా పడలేదు.

పడింది.

ఎడమ మూలన, ఎర్రగా, కుంకుమబొట్టు. హాల్లో అక్కడక్కడా టేబుళ్ల మీద ఫోన్లు గుర్రుమన్నాయి. ఎడమచేతులు వాటి మీదకి వెళ్లాయి. కళ్లు అప్పగించి చూస్తోంది ప్రసూన. ఎవరూ చెయ్యి కడుక్కోలేదు, ఎవరూ వేలు నాకి తుడుచుకోలేదు, ఎవరి ఫోనూ జారలేదు. ఎడమ బొటనవేళ్లు ముడుచుకుని అలా తాకాయి, అంతే. తెరలు పసుపుగా మెరిశాయి.

"అనుష్క!" అని దివాకర్ కేక వేశాడు. అటు నుంచి ఇంకో తండ్రి, ఇటు నుంచి ఇద్దరు తల్లులు, ఒక తాతగారు, కూచిపూడి బృందం పెద్దలంతా ఒక్కసారి కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. కుడిచేతులు గాల్లో పెట్టుకుని, పట్టుబట్టలకి అంటకుండా, వరండాలో పరుగు. ఎదురొస్తున్న అమెరికన్ కాపలా మనిషి గోడకి అతుక్కుపోయి దారిచ్చాడు. ప్రసూన వాళ్ల వెనకే పరిగెత్తింది. చీర కాళ్లకి అడ్డం పడుతున్నా ఆగలేదు.

వాళ్లు తలుపు తోసుకుని వెళ్లేసరికి తెర అప్పుడే లేస్తోంది. ముందు వరసలో మధ్యన అనుష్క, గజ్జెలు సర్దుకుంటోంది. నాన్న కోసం వెతికింది. నాన్న కనపడ్డాడు, ఎడమచేత్తో ఫోను ఎత్తి వీడియో తీస్తూ, కుడిచేతిని దేవుడి అభయహస్తంలా పైకెత్తి, దాన్నిండా ఆవకాయ. పిల్ల ఫక్కున నవ్వి మొదటి అడుగు వేసింది.

అయ్యాక దివాకర్ ప్రసూన దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవకాయ అనుకుంటే ఆవకాయ.

"ప్రసూన గారు, ఆ రోజు నేను..."

"ముందు చెయ్యి కడుక్కురండి దివాకర్ గారు. ఎండిపోతోంది."

"కడుక్కుంటాను. ఒకటి చెప్పి కడుక్కుంటాను. మా ఫ్రెండ్‌కి వద్దని మెసేజ్ పెట్టేశాను. ఎడమచేత్తో."

సాయంత్రం కోటేశ్వరరావు మైకు పట్టుకున్నాడు. ఏటా చేసే ప్రసంగం ఈసారి ఎత్తుకోలేదు. "ఈ ఏడాది ఒక్క పిల్ల ఆట కూడా తల్లిదండ్రులు చూడకుండా పోలేదు. ఎవరివల్లో మీ అందరి ఎడమచేతికీ తెలుసు. రావమ్మా," అన్నాడు. చప్పట్లు పడ్డాయి. చేతిలో పళ్లేలున్నవాళ్లు తొడల మీద చరిచారు. ప్రసూన మెట్లెక్కింది. స్టేజీ మీద కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కృష్ణమోహన్ లేచి, తన కుర్చీ ముందుకి జరిపి, చేత్తో తుడిచి, కూర్చోమన్నాడు.

మంగళవారం హెర్న్‌డన్‌లో మార్గరెట్ ఆ యాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇక్కడ మొదటి బటన్ ఎప్పుడూ హోమ్ కదా. నువ్వు మార్చావేం?" అంది.

"మీ దగ్గర తినేదేమైనా ఉందా?"

మార్గరెట్ కాస్త తెల్లబోయి, బల్ల సొరుగులోంచి సగం తిన్న శాండ్‌విచ్ తీసింది.

"కుడిచేత్తో పట్టుకోండి. గట్టిగా. కింద పెట్టకూడదు. అందులోంచి మస్టర్డ్ సాస్ కారుతోందనుకోండి. ఇప్పుడు ఎడమచేత్తో ఫోను తీసుకుని కుడి చివరి బటన్ నొక్కండి."

మార్గరెట్ బొటనవేలు చాపింది. ఫోను ఊగింది. "ఇప్పుడు ఎడమ చివరది," అంది ప్రసూన. ఇట్టే తగిలింది.

ఆ తర్వాత ప్రసూన హాలు గురించి చెప్పింది, చేత్తో తినడం గురించి, పెరుగుపచ్చడి గురించి, గాల్లో లేచిన కుడిచేతుల గురించి. ఎక్కడా తడుముకోలేదు. మార్గరెట్ శాండ్‌విచ్ పట్టుకునే వింది, కింద పెట్టడం మరిచిపోయింది. చివరికి నెమ్మదిగా అంది: "మా నర్సులు. వాళ్ల ఒక చెయ్యి ఎప్పుడూ పేషెంట్ మీదే ఉంటుంది. మేం వాళ్లకి బటన్లన్నీ రెండు చేతులూ ఖాళీగా ఉన్నట్టు కట్టాం. ఏళ్ల తరబడి." శాండ్‌విచ్ కింద పెట్టి, "నువ్వు ఎప్పట్నుంచి రాగలవు?" అని అడిగింది.

కింద పార్కింగ్‌లో కారు తలుపు తెరిచే ముందే ప్రసూన రవికి ఫోన్ చేసింది. ఆయన ఆఫీసులో ఉన్నానన్న సంగతి మరిచిపోయి అరిచిన అరుపు పక్కవాళ్లకి కూడా వినపడి ఉంటుంది. తర్వాత లీలావతికి చేసింది.

చాలా రింగులయ్యాక ఆవిడ ఎత్తింది. "పిండి కలుపుతున్న బిడ్డా, ఎడమచేత్తోని ఎత్తిన. ఏమన్నరు? జెల్ది చెప్పు!"

"సోమవారం నుంచి ఆఫీసుకి, అక్కా!"

అవతల నుంచి ముందు ఒక కేక, తర్వాత ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు, ఆ తర్వాత లీలావతి నవ్వు. "పడితే పడనియ్యి! రాత్రికి మీరంత ఈడనే తినాలె. వచ్చెయ్యి, అట్నుంచి అటే వచ్చెయ్యి!"